పట్టుగూళ్ల మార్కెట్టులో గంటల లెక్క: క్రాస్‌డాకింగ్ రూపకల్పనకు కంప్యూటర్ అనుకరణ

వ్యవసాయ మౌలిక వసతుల కోసం కేంద్ర ప్రభుత్వం 2020లో లక్ష కోట్ల రూపాయల నిధిని ప్రకటించిన నాటినుండి గ్రామీణ గిడ్డంగుల ప్రస్తావన ఎక్కువైంది. రెండు కోట్ల రూపాయల వరకు తీసుకొన్న రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ లభిస్తుండడంతో సహకార సంఘాలు, ఉత్పత్తిదారుల సంఘాలు ఈ దిశగా ఆలోచిస్తున్నాయి. ఇటువంటి ప్రతిపాదనలలో ముందుగా కంటికి కనిపించే అంకె టన్నులలో ఉంటుంది. ఎన్ని టన్నులు పట్టే గిడ్డంగి అన్నదే మొదటి ప్రశ్న. వేరుశనగకు, కందులకు, ధాన్యానికి ఆ ప్రశ్న సరిపోతుంది. కాని శ్రీ సత్యసాయి జిల్లా దక్షిణ భాగంలో ఎన్నో కుటుంబాలకు నగదు తెచ్చిపెట్టే ఉత్పత్తి పట్టుగూడు. దాని విషయంలో అడగవలసిన ప్రశ్న గంటలలో ఉండాలి. మార్కెట్టు గేటు దాటిన లాటు, దానిని కొన్న రీలరు వాహనంలోకి ఎక్కేసరికి ఎంతసేపు పడుతున్నది? కట్టడానికి పునాది తీయక ముందే ఈ ప్రశ్నకు జవాబు వెదకే సాధనం ఒకటి ఉన్నది. అదే కంప్యూటర్ అనుకరణ, అనగా సిమ్యులేషన్. పరిశ్రమలు దశాబ్దాలుగా వాడుతున్న ఈ సాధనాన్ని మన విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు మార్కెట్టు ఆవరణలోకి తీసుకొని రావాలన్నది నా అభిప్రాయం.

క్రాస్‌డాకింగ్ అన్న మాట కొత్తగా వినిపించవచ్చు గాని పని కొత్తది కాదు. వచ్చిన సరుకును ఒక గుమ్మం వద్ద దించి, చేరవలసిన చోటును బట్టి వేరుచేసి, నిల్వ చేయకుండా ఎదుటి గుమ్మం వద్ద ఎక్కించి పంపివేయడమే క్రాస్‌డాకింగ్. అమెరికా లారీ రవాణా సంస్థలు 1930లలోనే ఈ పద్ధతిని పాటించాయి. 1980లలో వాల్‌మార్ట్ దీనిని తన సరఫరా వ్యవస్థకు వెన్నెముకగా చేసుకొన్నది. మన దేశంలో రైల్వే మెయిల్ సర్వీసు అంతకంటె చాలా ముందునుండి, నడిచే రైలులోనే ఉత్తరాలను వేరుచేసి తరువాతి స్టేషనులో దించుతూ వచ్చింది. తెల్లవారుజామున సాగే పూల మార్కెట్టు, పల్లె పాలను సాయంత్రానికల్లా శీతలీకరణ కేంద్రానికి చేర్చే వ్యాను కూడా ఈ కోవలోనివే. వీటన్నిటిలోనూ సరుకు ఆగకపోవడమే లాభం.

పట్టుగూడు ఆగకూడని సరుకు ఎందుకైందో ఈ పత్రిక పాఠకులకు వివరంగా చెప్పనక్కర లేదు. అల్లిక మొదలైన ఏడెనిమిదో రోజున బైవోల్టిన్ గూళ్లను చంద్రికలనుండి విడదీస్తారు. ఆపైన కొద్ది రోజులలోనే లోపలి ప్యూపా చిలుకగా మారి గూటిని తొలుచుకొని వెలుపలికి వస్తుంది. అలా తొలిచిన గూటినుండి ఏకధాటి దారం తీయడం సాధ్యం కాదు. కనుక ఆ లోపల గూళ్లు రీలరును చేరాలి, వేడిగాలితో ప్యూపాను చంపి ఆరబెట్టే పని పూర్తి కావాలి. ఈ మధ్యకాలమంతా గూడు శ్వాసిస్తూనే ఉంటుంది. గోతాములో కుక్కినా, కుప్పగా పోసినా లోపల వేడి, చెమ్మ పేరుకొని నాణ్యత చెడుతుంది. నాణ్యత మాట అటుంచినా బరువు తగ్గడం ఖాయం. రైతు ఇంటివద్ద తూచుకొన్న గూళ్లు మార్కెట్టు కాటా మీద కొంత తేలికగా తూగుతాయి. నిలబడిన ప్రతి గంటకూ రైతు తన జేబులోనుండి చెల్లిస్తున్నాడన్నమాట. రసీదులో కనిపించని చెల్లింపు అది.

హిందూపురంలోనే దీనికి పూర్తిగా భిన్నమైన సరుకు కూడా ఉన్నది. ఈ పట్టణం చింతపండు వ్యాపారానికి పేరు పొందింది. చింతపండు వేసవి ముంగిట ఒక్కసారిగా వస్తుంది, ఏడాది పొడుగునా అమ్ముడుపోతుంది. రంగు నలుపెక్కకుండా శీతల గిడ్డంగిలో ఉంచడం దానికి మేలు. అంటే ఒకే ఊరిలో రెండు సరుకులు, రెండు ఎదురెదురు అవసరాలు. చింతపండుకు గోడలు కావాలి, పట్టుగూటికి గుమ్మాలు కావాలి. రెండింటికీ ఒకే నమూనా షెడ్డు గీసి ఇవ్వడం వాస్తుశిల్పికి సులభమే. ఆ సౌలభ్యానికి ధర మాత్రం రైతు చెల్లిస్తాడు.

హిందూపురానికి గంట ప్రయాణ దూరంలో, పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం ఉన్నది. 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, 2019లో ఉత్పత్తి మొదలైన ఈ కర్మాగారానికి తొలినుండి చెప్పుకొన్న సామర్థ్యం ఏటా మూడు లక్షల వాహనాలు. సంవత్సరానికి మూడు వందల రోజులు, రోజుకు ఇరవైనాలుగు గంటలు పని జరుగుతుందని లెక్క వేసినా నిమిషంన్నర తిరగకుండానే ఒక కారు తయారు కావాలి. అంత వేగంలో సీట్లు, బంపర్లు, వైరింగు కట్టలు నెలల తరబడి నిల్వ ఉంచుకోవడం ఎక్కడా కుదిరే పని కాదు. అనుబంధ సంస్థలనుండి విడిభాగాలు కావలసిన వేళకు, కావలసిన వరుసలో రావాలి. అందుకే మోటారు వాహన పరిశ్రమలో కొత్త లైను వేసే ముందు, కొత్త సరుకు షెడ్డు కట్టే ముందు దానిని కంప్యూటర్‌లో నడిపి చూడడం ప్రపంచమంతటా మామూలు విషయమైంది. జీవం లేని బంపరుకు నిమిషాల లెక్క ఉన్న ప్రాంతంలో, జీవమున్న పట్టుగూటికి కనీసం గంటల లెక్కయినా లేకపోవడం చింతించవలసిన సంగతి. కార్ల కంపెనీకున్న పెట్టుబడి మార్కెట్టు కమిటీకి లేదని ఎవరైనా అనవచ్చు. నిజమే. అయితే ఇక్కడ కావలసింది పెట్టుబడి కంటె ముఖ్యంగా ఒక ఆలోచనా పద్ధతి.

ఆ పద్ధతి ఎందుకు అవసరమో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఇది ఏ మార్కెట్టునుండీ సేకరించిన సమాచారం కాదు, ఊహించుకొన్న ఉదాహరణ. ఒకే కాటా ఉన్నది. ఒక లాటు తూచడానికి సగటున ఐదు నిమిషాలు, అంటే గంటకు పన్నెండు లాట్లు తూగగలవు. రైతుల రాకలోనూ తూకపు సమయంలోనూ యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులు ఉన్నవనుకొందాం. గంటకు సగటున తొమ్మిది లాట్లు వస్తే, తూకానికి ముందు ఒక్కో రైతు సగటున పదిహేను నిమిషాలు వేచి ఉండాలి. పది లాట్లు వస్తే ఇరవైఐదు నిమిషాలు. పదకొండు వస్తే యాభైఐదు నిమిషాలు! కాటా సామర్థ్యం పన్నెండు, రాక పదకొండు. కాగితం మీద చూస్తే ఇంకా మిగులే ఉన్నది. అయినా రాక పది శాతం పెరిగేసరికి నిరీక్షణ రెట్టింపు దాటింది. అదే పదకొండు లాట్ల రాకకు రెండో కాటా పెడితే సగటు నిరీక్షణ నిమిషంన్నర లోపుకు పడిపోతుంది. సగటును సగటుతో పోల్చి సామర్థ్యం చాలునని తీర్మానించే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. వరుసలను పుట్టించేది సగటు మాత్రమే కాదు, హెచ్చుతగ్గులు కూడా. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలలో ఈ సంగతిని గణితరీత్యా మొదట విశదపరచినవాడు కోపెన్‌హేగన్‌కు చెందిన ఎర్లాంగ్, 1909లో.

సూత్రమే ఉండగా ఇంక అనుకరణ దేనికి? పై లెక్క రోజంతా ఒకే వేగంతో రాక సాగితేనే సరిగా వర్తిస్తుంది. మార్కెట్టు అలా సాగదు. వేలం మొదలయ్యే వేళకు ముందు ఒక్కుమ్మడిగా వాహనాలు వస్తాయి, మధ్యాహ్నానికి ఆవరణ ఖాళీ అవుతుంది. లాట్లన్నీ ఒకే బరువులో ఉండవు. తూకం తరువాత వేలం, వేలం తరువాత లెక్క చూసి డబ్బు చెల్లించడం, ఆపైన హమాలీలు ఎత్తడం, వాహనం బయటపడడం అన్నవి ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉన్నాయి. ఒక చోట చిక్కు విప్పితే అది ఇంకో చోటికి జరుగుతుంది. కాటాలు రెండు చేసినప్పుడు బారు వేలం అరుగు ముందుకు మారవచ్చు; వేలం త్వరపడితే చెల్లింపు కిటికీ వద్దకు చేరవచ్చు. ఇన్ని మలుపులున్న గొలుసుకు చేతితో వ్రాసే సూత్రం చిక్కదు. కంప్యూటర్‌లో మాత్రం ఒక్కొక్క లాటునూ ఒక్కొక్క పాత్రగా సృష్టించి, ఏ నిమిషాన వచ్చింది, ఎంతసేపు ఆగింది, ఎవరు ఎత్తారు అన్న ఘటనలను ఒకదాని వెంట ఒకటి నడిపించవచ్చు. నార్వేలో 1960లలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిమ్యులా అనే భాషను ఈ తరహా పనికోసమే రూపొందించారు. నేడు అరీనా, ఎనీలాజిక్ వంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్లతో పాటు పైథాన్ భాషలో ఉచితంగా లభించే సింపై కూడా ఉన్నది. విద్యార్థి చేతిలోని మామూలు ల్యాప్‌టాప్ దీనికి చాలు.

నిజానికి మన శాస్త్రవేత్తలకు అనుకరణ పరాయిది కాదు. వేరుశనగ పెరుగుదలను కంప్యూటర్‌లో లెక్కించే నమూనాలను 1980లనుండి ఇక్రిశాట్ మన నేలల్లో పరీక్షించింది. డీశాట్ వంటి సాధనాలతో అనంతపురం వర్షాలను, విత్తే తేదీలను మార్చి మార్చి దిగుబడి అంచనా వేసిన పరిశోధనలు మన గ్రంథాలయాలలో ఉన్నాయి. వాన ఎప్పుడు పడుతుందో తెలియదు కనుక వంద రకాల వానలను ఊహించి పంటను నడిపించాం. బండి ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమూ అదే జాతి సమస్య. పంట గట్టు దాటగానే మన నమూనాలు ఎందుకు ఆగిపోవాలి?

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు ఒక నమూనా తయారు చేయాలంటే మొదట కావలసింది ప్రోగ్రాము కాదు, గడియారం. మార్కెట్టు రికార్డులు సాధారణంగా బరువు కోసం, ధర కోసం ఏర్పడినవి. నమూనాకు ప్రతి లాటు విషయంలో కనీసం ఐదు సమయాలు కావాలి: గేటు దాటినది, కాటా ఎక్కినది, వేలం ముగిసినది, డబ్బు చేతికి వచ్చినది, వాహనం బయటికి కదిలినది. మామూలు రోజులు, వాన రోజులు, పండుగ ముందు రోజులు, పంట ముమ్మరంగా వచ్చే వారాలు వేటికవిగా ఉండాలి. వీటినుండి రాకల తీరు, పనుల సమయాల తీరు తేలుతాయి. తరువాత నమూనాను ఇప్పుడున్న ఏర్పాటుతోనే నడిపి, కళ్లముందు జరిగిన రోజులతో పోల్చి చూడాలి. ఉన్న మార్కెట్టునే సరిగా చూపలేని నమూనా రాబోయే మార్కెట్టును గురించి చెప్పేది నమ్మదగినది కాదు. ఈ మెట్టును తొందరపడి దాటవేసిన సిద్ధాంత వ్యాసాలు విద్యార్థులు అనుసరించదగినవి కావు. ఒకసారి నడిపి వచ్చిన అంకెను ఫలితంగా ప్రకటించడమూ అటువంటిదే. వందసార్లు నడపాలి, రెండు ఏర్పాట్లను పోల్చేటప్పుడు రెండింటికీ అవే రాకలను ఇవ్వాలి, సగటు నిరీక్షణతో పాటు పదిమందిలో తొమ్మిదిమంది ఎంతసేపటిలోగా బయటపడ్డారో కూడా చెప్పాలి. మార్కెట్టుకు చెడ్డపేరు తెచ్చేది ఆ పదవ రైతు అనుభవమే.

అప్పుడు అడగదగిన ప్రశ్నలు ఎన్నో. వాటిలో నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించేది కాంక్రీటు అవసరం లేనిది. లేపాక్షి, చిలమత్తూరు, పరిగి, మడకశిర, రొద్దం, సోమందేపల్లి వంటి మండలాల రైతులకు వేర్వేరు రాక వేళలు సూచిస్తే ఏమవుతుంది? అరగంట, గంట తేడాతో రాకను పలచబరిస్తే కొత్త కాటా పెట్టినంత ఫలితం దక్కవచ్చు. దక్కకపోనూ వచ్చు. ముందు వచ్చినవారికే మంచి ధర పలుకుతుందని రైతులు నమ్మితే, చెప్పిన వేళను ఎవరూ పాటించరు. కనుక సగంమంది మాత్రమే పాటిస్తే ఎలా ఉంటుందో కూడా నడిపి చూడాలి. రైతు మనసు తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త ప్రోగ్రామరు పక్కన కూర్చోవలసిన చోటు ఇదే. పాటింపు ఎంతమేరకు ఉంటుందన్నది ప్రోగ్రామరు కనిపెట్టగలిగిన అంకె కాదు.

కొత్త షెడ్డే కట్టవలసి వస్తే దాని ఆకారం మీద ప్రపంచంలో ఇప్పటికే జరిగిన పని ఉపయోగపడుతుంది. బార్తోల్డి, గ్యూ అనే పరిశోధకులు 2004లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, సుమారు నూట యాభై గుమ్మాల లోపు క్రాస్‌డాకింగ్ కేంద్రాలకు సన్నగా, పొడుగుగా, నిటారుగా ఉండే కట్టడమే మేలు. ఆపైన ఇంగ్లీషు ‘టి’ ఆకారం, ఇంకా పెద్దవైతే ‘ఎక్స్’ ఆకారం నప్పుతాయి. మన మార్కెట్టుల పరిమాణానికి మొదటిదే చాలు: ఒక పొడుగు వైపంతా దించే గుమ్మాలు, ఎదుటి వైపంతా ఎక్కించే గుమ్మాలు, మధ్యలో హమాలీ నాలుగడుగుల్లో దాటగల వెడల్పు. మనకు అలవాటైన గిడ్డంగి దీనికి తలకిందులు. ఎలుక, దొంగ, తేమ లోపలికి రాకూడదని గుమ్మాలు తక్కువగా పెట్టి కట్టినది అది. ధాన్యానికి ఆ జాగ్రత్త న్యాయమే. గూళ్లకు మాత్రం గాలి రాకను కూడా అది అడ్డగిస్తుంది.

ధర్మవరం సంగతి వేరు. ఆ ఊరి మగ్గాలకు పట్టు కావాలి. హిందూపురం గూళ్లకూ ధర్మవరం చీరకూ మధ్య రీలింగు, మెలివేత, రంగు అద్దకం అనే మెట్లున్నాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చీరల నేతగాడికి సరుకు వేగంగా చేతులు మారడం కంటె, కావలసిన రంగు, కావలసిన దారం కొద్దికొద్దిగా, ధర ఎగుడుదిగుళ్లకు తట్టుకొనేలా దొరకడం ముఖ్యం. పట్టుదారం చెడిపోదు. అక్కడ నిల్వయే సహాయం. క్రాస్‌డాకింగ్ పేరుతో నిల్వను తొలగిస్తే భారం నేతగాడి మీద పడుతుంది. ఆధునికమని వినిపించిన ప్రతి పద్ధతినీ ప్రతి ఊరికీ అతికించడం తగదని చెప్పడానికే దీనిని ప్రస్తావించాను.

అదే ధర్మవరం రైల్వే జంక్షనుగా మాత్రం అనుకరణకు చక్కని విషయం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ గుంతకల్లు–బెంగళూరు మార్గాన ఉన్నాయి. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుండి ఢిల్లీలోని ఆదర్శనగర్‌కు కిసాన్ రైలు బయలుదేరినప్పుడు మన పండ్లకు ఉత్తరాది మార్కెట్టు దగ్గరైందన్న ఆశ కలిగింది. రైలుకు బయలుదేరే వేళ నిర్ణీతం. అరటి, చీనీ, టమాటా తెచ్చే లారీల రాక అనిశ్చితం. ఈ రెండింటి మధ్య ప్లాట్‌ఫారం మీద ఎన్ని హమాలీ జట్లు ఉండాలి, లారీలను ఎన్ని గంటల ముందు రమ్మనాలి? మరీ ముందుగా రమ్మంటే పండు ఎండలో వడలుతుంది, ఆలస్యంగా రమ్మంటే పెట్టె సగం ఖాళీగా కదులుతుంది. అటువంటి రైలును మళ్లీ తలపెట్టే వేళకు ఈ లెక్క సిద్ధంగా ఉండడం మంచిది.

ఈ సాధనం మీద రెండు అనుమానాలు న్యాయమైనవి. ఒకటి, నమూనా దుర్వినియోగం. ముందే నిర్ణయమైపోయిన కట్టడానికి రంగు రంగుల కదిలే బొమ్మలతో సమర్థన తయారు చేయడం ఏమంత కష్టం కాదు. కంప్యూటర్ చూపింది కనుక నిజమన్న గౌరవం ప్రజలలో ఉన్నది గనుక ఈ ప్రమాదం ఎక్కువ. దీనికి విరుగుడు నమూనాను, దానిలో వాడిన సమయాల పట్టికను ఎవరైనా పరీక్షించుకొనేలా బహిరంగంగా ఉంచడమే. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఆ పని చేయగలదు, అమ్మకానికి వచ్చే సలహా సంస్థ చేయదు.

రెండో అనుమానం లోతైనది. మార్కెట్టులో నిరీక్షణ ఎప్పుడూ అసమర్థత వలననే పుట్టదు. గూడు బరువు తగ్గుతున్నకొద్దీ, చిలుక వెలువడే ఘడియ దగ్గరపడుతున్నకొద్దీ బేరంలో రైతు చేయి కిందవుతుంది. ఆలస్యం వలన లాభపడేవారున్న చోట కాటాలు పెంచినంత మాత్రాన ఆలస్యం మాయం కాదు. ఈ శక్తుల పోటీని ఏ ప్రోగ్రామూ పూర్తిగా పట్టుకోలేదు. అయినా సమయాలు నమోదైతే ఆలస్యం ఎక్కడ, ఎవరి చేతిలో జరుగుతున్నదో కనిపిస్తుంది. కాటా ఖాళీగా ఉండగా లాటు ఆగిందా, బారు వలన ఆగిందా అన్న తేడా తేలుతుంది. రైతు సంఘానికి ఆ తేడా ఒక వాదనా బలం. హమాలీల విషయం కూడా మరువరాదు. ముక్కకింత అన్న కూలికి పనిచేసేవారికి మూడు గంటల ఖాళీ, రెండు గంటల నడుము విరిగే మోత అన్న తీరు మారి రోజంతా సమంగా పని దొరికితే ఆదాయమూ ఆరోగ్యమూ బాగుపడవచ్చు. కూలి తగ్గించే సాకుగా మాత్రం ఈ అధ్యయనం మారకూడదు. అందుచేత నమూనా కొలిచే ఫలితాలలో రైతు నిరీక్షణతో పాటు హమాలీ ఎత్తే బరువు, అతనికి దక్కే విరామం కూడా చేరాలి.

ఈ పనికి మనుషులు దూరంగా లేరు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల మడకశిరలోనే ఉన్నది. పట్టుగూటి స్వభావం తెలిసిన రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ హిందూపురం పక్కన కిరికెరలో ఉన్నది. ఒకరికి షెడ్డు, యంత్రం, ప్రోగ్రాము తెలుసు. ఇంకొకరికి గూడు ఎన్ని గంటలలో ఎంత బరువు కోల్పోతుందో తెలుసు. ఈ రెండో అంకెను మొదటివారి నమూనాలో పెడితే నిరీక్షణ గంటలు నేరుగా రూపాయలుగా మారి కనిపిస్తాయి. ఆ తరువాత కొత్త కాటాకు, కొత్త గుమ్మానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో ఏ కమిటీ అయినా తేల్చుకోగలదు. చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టుగా దీనిని మొదలుపెట్టవచ్చు. గూళ్లు ముమ్మరంగా వచ్చే నెలలో మూడు వారాలు, రోజుకు ఐదుగురు విద్యార్థులు చాలు: గేటు వద్ద ఒకరు, కాటా వద్ద ఒకరు, వేలం అరుగు మీద ఒకరు, చెల్లింపు కిటికీ పక్కన ఒకరు, బయటికి పోయే దారిలో ఒకరు. ఐదుగురి గడియారాలూ ముందుగా ఒకే నిమిషానికి సరిచూసుకోవాలి.